అలాస్కా హాలిబట్ ట్రిప్పులు వేసే తెలుగు నిర్వాహకులకు, వాటికి వచ్చే కుటుంబాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు, ప్రతి వేసవిలో అలాస్కా యాత్రలు ఏర్పాటు చేసే నిర్వాహకులకు, ఆ యాత్రల్లో హాలిబట్ అనే పెద్ద బల్లపరుపు చేప వేటకు వచ్చే అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను ఎనిమిదేళ్లుగా ప్రతి వేసవిలో అలాస్కాలోని హోమర్ రేవులో, డబ్బు కట్టిన అతిథులను వేటకు తీసుకెళ్లే ఒక చార్టర్ పడవ మీద డెక్‌హ్యాండ్‌గా పనిచేస్తున్నాను. మన తీరం మాటలో చెప్పాలంటే కలాసీని. గాలానికి ఎర గుచ్చడం, పడిన చేపను పైకి తేవడం, కోసి ముక్కలు చేయడం, చివర్లో డెక్కు కడగడం నా పని. మాది ఉప్పాడ. మా నాన్న ముప్పై ఏళ్లు సముద్రం మీద వేట చేశారు. పడవ ఎక్కగానే "తమ్ముడూ, నువ్వు తెలుగువాడివా!" అని ఆశ్చర్యపోయి, దిగేటప్పుడు మా ఇంటికి భోజనానికి రమ్మని పిలిచినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఆ చనువుతోనే ఇది రాస్తున్నాను.

ఈ ట్రిప్పుల్లో జరుగుతున్న తప్పుల గురించి ముందు విడివిడిగానే చెప్పాను. రెండేళ్ల కిందట ఇద్దరు నిర్వాహకులకు ఫోన్ చేశాను. నిరుడు ఒక పెద్ద మెసేజ్ రాసి, మీ గ్రూపుల్లో పెట్టండి అని నలుగురికి పంపాను. ఒకరు "చూస్తాం" అన్నారు. మిగతా ముగ్గురి నుంచి జవాబు రాలేదు. ఈ వేసవిలో మళ్లీ అవే పోస్టర్లు, రేవులో అవే గొడవలు. అందుకే అందరి ముందూ పెడుతున్నాను. ఎవరి పేరూ రాయను, ఎవరినీ బజారుకు ఈడ్చడం నా ఉద్దేశం కాదు.

జూన్‌లో జరిగిన ఒక్క సంగతి చెబుతాను. ఆరుగురు వచ్చారు, అందరూ మనవాళ్లే. వాళ్లు డబ్బు కట్టిన పోస్టర్ మీద "ఒక్కొక్కరికి రెండు భారీ హాలిబట్‌లు గ్యారంటీ" అని ఉంది. రెండు గంటలు ప్రయాణం చేసి, రెండు వందల అడుగుల లోతులో లంగరు వేశాం. ఆటుపోట్ల ఉరవడి ఆగి నీరు నిలిచిన సమయానికి చేప బాగా పడింది. ఒకాయనకు మొదటిదే అరవై పౌండ్లది పడింది. పడవంతా కేకలు, ఫోటోలు. గంట తర్వాత ఆయనకే నలభై పౌండ్లది పడింది. దాన్ని వదిలేయాలని కెప్టెన్ చెప్పాడు. రెండోది చిన్నదై ఉండాలన్నది ఇక్కడి నిబంధన, పొద్దున పడవ కదలకముందే చెప్పాం కూడా. ఆయన వినలేదు. "నేను రెండింటికి డబ్బు కట్టాను" అన్నారు. రెండు వందల డాలర్లు తీసి నా చేతిలో పెట్టబోయారు. నేను తీసుకోలేదు. చేపను వదిలాం. తిరుగు ప్రయాణం రెండు గంటలూ ఎవరూ మాట్లాడలేదు. ఆయన కూతురు, పదేళ్ల పిల్ల, క్యాబిన్‌లో మూల కూర్చుని ఏడుస్తూనే ఉంది. ఆ రాత్రే ఇంటర్నెట్‌లో మా పడవకు ఒకే ఒక్క స్టార్ వచ్చింది, మోసగాళ్లు అని రాసి ఉంది.

మర్నాడు తెల్లవారుజామున ఇంధనం పోస్తుంటే కెప్టెన్ అడిగాడు: "మీ వాళ్లకు ముందే ఎవరూ చెప్పరా?" నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మీ నుంచి కావాలి.

ఆయన పట్టుదలకు కారణం అత్యాశ అని నేను అనుకోవడం లేదు. ఆయనకు ఎవరో అబద్ధం అమ్మారు. నిజమేమిటో ఎవరూ చెప్పలేదు. కాబట్టి ముందు నిజాలు.

పసిఫిక్ హాలిబట్ మన తీరంలో దొరికే నాలుక చేపకు దూరపు చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు మామూలు చేపలాగే రెండు పక్కలా కళ్లుంటాయి. పెరిగేకొద్దీ ఎడమ కన్ను తల మీదుగా కుడి పక్కకు జరిగిపోతుంది, చేప ఇసుకలో పక్కకు వాలి బతుకుతుంది. ఎనిమిది అడుగులు, ఐదు వందల పౌండ్లు దాకా పెరగగలదు. యాభై ఐదేళ్లు బతికినవి కూడా నమోదయ్యాయి. కానీ పెరుగుదల చాలా నిదానం. ఆడ చేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. మన వంజరం, చందువాలతో పోల్చుకుని "సముద్రంలో చేపకేం తక్కువ" అనుకోవడం ఇక్కడ చెల్లదు.

ఈ చేప కోసం అమెరికా, కెనడా 1923లోనే ఒప్పందం చేసుకుని అంతర్జాతీయ పసిఫిక్ హాలిబట్ కమిషన్‌ను ఏర్పాటు చేశాయి. సముద్రాన్ని ప్రాంతాలుగా విభజించి, ఎక్కడ ఎంత పట్టవచ్చో ఆ కమిషన్ ఏటా నిర్ణయిస్తుంది. హోమర్, సీవర్డ్, కోడియాక్, వాల్డీజ్ ఉన్నది 3ఏ ప్రాంతం. క్రూయిజ్ ఓడలు ఆగే కెచికాన్, జూనో, సిట్కా ఉన్నది 2సీ ప్రాంతం. 2011 నుంచి ఈ రెండు చోట్లా ప్రత్యేక పర్మిట్ ఉన్న పడవలే అతిథులను హాలిబట్ వేటకు తీసుకెళ్లాలి. 2014 నుంచి వాణిజ్య వేటగాళ్లకూ చార్టర్ పడవలకూ వాటాలు పంచే పద్ధతి వచ్చింది. చార్టర్ల వాటా దాటిపోతుందని లెక్క తేలితే మరుసటి ఏడు నిబంధన బిగుస్తుంది. అంటే మా లాగ్‌బుక్‌లో ఎక్కే ప్రతి చేపా వచ్చే ఏటి అతిథుల లెక్కలోకి వెళుతుంది.

కొన్నేళ్లుగా మా వైపు చార్టర్ పడవ మీద మనిషికి రోజుకు రెండు హాలిబట్‌లు. ఒకటి ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, రెండోది దాదాపు 28 అంగుళాల లోపు ఉండాలి. అది పది పౌండ్ల లోపు చేప. అంగుళాలు ఏటా కాస్త మారుతుంటాయి. ఈ మధ్య ఏళ్లలో బుధవారాలు హాలిబట్ వేట ఉండటం లేదు, కొన్ని ఏళ్లలో మరికొన్ని రోజులు కూడా మూస్తారు. 2సీ వైపు ఇంకా కఠినం: మనిషికి ఒక్కటే చేప, అది చిన్నదైనా ఉండాలి, లేదా చాలా పెద్దదైనా ఉండాలి, నడిమి సైజుది పడితే నీళ్లలోకి వదలాల్సిందే. సొంత పడవలో వెళ్లేవాళ్లకు ఈ కొలతలు వర్తించవు. వాళ్లు ఏ సైజువైనా రెండు ఉంచుకోవచ్చు. "పక్క పడవ వాళ్లు రెండు పెద్దవి తెచ్చారు కదా, మాకెందుకు లేదు" అని రేవులో మమ్మల్ని నిలదీసే ప్రతిసారీ కారణం ఇదే. మేం మీ చేపను దాచుకోవడం లేదు. అతిథులతో వెళ్లినప్పుడు కెప్టెన్ గానీ, నేను గానీ ఒక్క హాలిబట్ కూడా మా కోసం ఉంచుకోకూడదు, మా పేరు మీద పట్టి మీకు ఇవ్వనూ కూడదు.

మన ఊళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు మా ఇంట్లో ఎలా గడిచేదో నాకు తెలుసు. అప్పు పుట్టేది కాదు, నాన్న వల బాగుచేస్తూ గట్టున కూర్చునేవారు. అయినా మోటారు తీయలేదు. కడుపు కాలుతున్నవాళ్లే ఆ నియమం పాటిస్తున్నారు. సెలవులో సరదాకు వచ్చినవాళ్లు ఒక్క రోజు పాటించలేరా?

ఇక నేను అడిగేవి.

1. పోస్టర్ మీద నిజం రాయండి. "గ్యారంటీ" అనే మాట తీసేయండి. సముద్రం మీద ఎవరూ దేనికీ గ్యారంటీ ఇవ్వలేరు. మీరు వెళ్లేది ఏ ప్రాంతం, రోజుకు ఎన్ని చేపలు, ఏ కొలత, వారంలో ఏ రోజులు వేటకు సెలవు, ఇవి నాలుగు లైన్లలో తెలుగులో పెట్టండి. ఆ ఏడు నిబంధనలు ఖరారు కాకముందే బుకింగ్ తీసుకుంటుంటే "మారవచ్చు" అని రాయండి. మనిషికి మూడు నాలుగు వందల డాలర్లు కట్టి, డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే కుటుంబానికి ఇది తెలుసుకునే హక్కు ఉంది. బుధవారం నాడు హోమర్‌లో దిగి, హాలిబట్ లేదని తెలిసి దిగులుగా వెనక్కి వెళ్లిన ఒక జంటను నేను చూశాను. తప్పు వాళ్లది కాదు.

2. పడవ మీద బేరాలు ఆపించండి. అతిథి చేసిన ఉల్లంఘనకు పడవ నడిపేవాడు కూడా బాధ్యుడే. జరిమానాతో పోదు, ఆయన పర్మిట్ మీదికి వస్తుంది. ఇక్కడ చార్టర్ సీజన్ గట్టిగా నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో పడవ అప్పు, రేవు అద్దె, ఇన్సూరెన్స్, పిల్లల స్కూలు ఖర్చు అన్నీ రావాలి. ఒక్క అబద్ధపు రివ్యూకు పది బుకింగ్‌లు పోతాయి. నాలాంటివాళ్లకు రోజు కూలి కొంతే, మిగతాదంతా టిప్పుల మీదే. రూలు పాటించినందుకు టిప్పు ఆపేస్తే కోత పడేది ఒక కలాసీ ఇంటి ఖర్చుకి. జూన్ నాటి ఆ రివ్యూ రాసినవారు ఇది చదువుతుంటే, దయచేసి దాన్ని తీసేయండి. నేను అడిగేది అంతే.

3. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. పెద్ద చేపలను వదిలే పద్ధతి మొదలుపెట్టండి. వంద పౌండ్లు దాటిన హాలిబట్ పడిందంటే అది దాదాపు ఖాయంగా ఆడదే. అలాంటి తల్లి ఒక్క శీతాకాలంలో లక్షల్లో గుడ్లు పెడుతుంది, మరీ పెద్దదైతే లెక్క మిలియన్లు దాటుతుంది. హాలిబట్ నిల్వలు 1990ల చివరి నుంచి పదేళ్లకు పైగా తగ్గుతూనే వచ్చాయి. ఒకే వయసు చేపలు పూర్వం కన్నా చిన్నవిగా ఉంటున్నాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు, నా కత్తి కిందికి వచ్చేవాటిని చూసినా అదే అనిపిస్తుంది. మా వైపు పెద్దదాన్ని ఉంచుకోవడం చట్టప్రకారం తప్పు కాదు. అయినా అడుగుతున్నాను. పెద్దదాన్ని పడవలోకి తేవాలంటే ముందు హార్పూన్‌తో పొడవాలి, కొన్నిసార్లు తుపాకీతో కాల్చాలి, లేకపోతే తోక దెబ్బకు మనిషి కాలు విరుగుతుంది. అదే వదలదలచుకుంటే ముందే మాకు చెప్పండి. నీళ్లలో ఉండగానే ఫోటో తీసి, గుండ్రటి గాలాన్ని పెదవి నుంచి తిప్పి తీసేస్తాం. అది ఒక్కసారి తోక విదిలించి కిందికి దిగిపోవడం చూసినవాళ్లు ఎవరూ నా దగ్గర బాధపడలేదు. వంటకు కూడా ఇరవై ముప్పై పౌండ్ల చేపే మేలు. పెద్దదాని కండ గరుకుగా ఉంటుంది. మన చింతపండు పులుసులో చిన్నదాని ముక్క వేసి, గరిటె పెట్టకుండా గిన్నె కదుపుతూ పది నిమిషాలు ఉడికిస్తే చాలు.

4. పట్టిన చేపను పారేయకండి, అమ్మకండి. అరవై పౌండ్ల చేప కోస్తే ముప్పై పౌండ్లకు పైగా ముక్క వస్తుంది. ఆరుగురికి ఎంత అవుతుందో లెక్క వేసుకోండి. విమానంలో ఎలా తీసుకెళ్లాలో ఎవరూ ముందే చెప్పకపోవడం వల్ల, ఆంకరేజ్ హోటల్ చెత్తడబ్బాలో తెల్లటి హాలిబట్ ముక్కల సంచులు దొరికాయని అక్కడ పనిచేసే ఒకామె నాకు ఫోటో పంపింది. సంచి మీద మా రేవు స్టిక్కర్ ఉంది. ఆ చేపను కోసింది నేనే కావచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సరదా వేటలో పట్టిన చేపను వృథా చేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. వాట్సాప్ గ్రూపుల్లో "అలాస్కా ఫ్రెష్ హాలిబట్, పౌండు ఇంత" అని అమ్మడం కూడా చట్టవిరుద్ధమే, అది తెలియక చేస్తున్నారని నమ్ముతున్నాను. హోమర్‌లోనే గాలి తీసి ప్యాక్ చేసి, గడ్డకట్టించి పెట్టెల్లో సర్ది ఇచ్చే చోట్లున్నాయి. ఆ ఖర్చు ట్రిప్పు ధరలోనే కలపండి. తినేంత చేప పడగానే "చాలు తమ్ముడూ" అనండి, మాకు ఎంతో సంతోషం. ఇంకొక మాట. బుగ్గ ముక్కలు, తలకాయ అడిగి తీసుకోండి. ఇక్కడివాళ్లు తల పారేస్తారు. తలకాయ పులుసు విలువ తెలిసినవాళ్లం మనం.

5. పెద్దవాళ్లను, చిన్నపిల్లలను చెప్పకుండా తీసుకురాకండి. వేసవిలో కూడా ఇక్కడి నీరు పది డిగ్రీల దగ్గరే ఉంటుంది. పడ్డ మనిషి ఎంత ఈతగాడైనా నిమిషాల్లోనే చేతులు కాళ్లు మొద్దుబారిపోతాయి. హోమర్ ముందున్న సముద్రపు పాయ కుక్ ఇన్‌లెట్‌లో పోటుకీ పాటుకీ మధ్య తేడా కొన్ని రోజుల్లో పాతిక అడుగులు దాటుతుంది, గాలి దానికి ఎదురుగా వీస్తే అల నిలువుగా లేస్తుంది. గోదావరి లాంచీ ప్రయాణంలా అనుకుని వచ్చిన ఒక అమ్మమ్మ గారు, డెబ్బై దాటినావిడ, చీర మీద పల్చటి స్వెటరుతో పడవెక్కారు. మొదటి గంటలోనే వాంతులు మొదలయ్యాయి, మరో ఆరు గంటలు ఆవిడ పడిన బాధ చూడలేకపోయాం. వెనక్కి తిప్పుదామని కెప్టెన్ అంటే, మిగతా ఐదుగురిలో ఇద్దరు డబ్బు పోతుందని ఒప్పుకోలేదు. ఆవిడే "నా కోసం ఆగొద్దు బాబూ" అన్నారు. అలాంటి మాట ఆవిడ చేత అనిపించే పరిస్థితి మళ్లీ రానివ్వకండి. కచెమాక్ అఖాతం లోపల నీరు నెమ్మదిగా ఉండే చోట్లకు సగం రోజు ట్రిప్పులున్నాయి, పెద్దవాళ్లకు అవి పెట్టండి. వికారానికి మాత్ర ముందు రాత్రే మొదలుపెట్టాలని, డాక్టరును అడిగి వేసుకోవాలని చెప్పండి. లైఫ్ జాకెట్ వేసుకోమంటే ఫోటో పాడవుతుందని తీసేసేవాళ్లకు, హోమర్ స్పిట్ (సముద్రంలోకి చొచ్చుకెళ్లిన ఇసుక దిబ్బ) మీద సముద్రంలో పోయినవాళ్ల స్మారకం ఉంది, దాని గంట దగ్గర ఐదు నిమిషాలు నిలబడి రమ్మని చెప్పండి.

6. పర్మిట్ లేని పడవలు ఎక్కించకండి. చవకగా వస్తుందని ఎవరో తెలిసినవారి పడవ అద్దెకు తీసుకుని, తలా ఇంత వసూలు చేసి వేటకు తీసుకెళుతున్న నిర్వాహకులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. డబ్బు తీసుకుని మనుషులను తీసుకెళ్లే కెప్టెన్‌కు కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉండాలి, పడవకు హాలిబట్ చార్టర్ పర్మిట్ ఉండాలి. బుక్ చేసేటప్పుడే ఆ రెండూ చూపించమని అడగండి. సరైన పడవ వాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

7. మీ గొంతు సరైన చోట వినిపించండి. "మా ఒక్క చేప మీద ఇన్ని రూల్సా, పెద్ద ట్రాలర్లు పారబోసే హాలిబట్ మాటేమిటి?" అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బేరింగ్ సముద్రంలో వేరే చేపల కోసం లాగే ట్రాల్ వలల్లో హాలిబట్ పడుతుంది, దాన్ని ఉంచుకోకూడదు కాబట్టి తిరిగి పారేస్తారు, అందులో చాలా భాగం చనిపోతుంది. అక్కడి ఒక పెద్ద ఓడల సమూహానికే ఏళ్ల తరబడి 1,745 టన్నుల పరిమితి ఉండేది. సెయింట్ పాల్ దీవిలో చిన్న పడవల మీద హాలిబట్ పట్టుకుని బతికే ఉనాంగన్ మూలవాసులు దాని మీద ఏళ్లపాటు పోరాడారు. చివరికి 2021 డిసెంబరులో నార్త్ పసిఫిక్ మత్స్య నిర్వహణ మండలి, సముద్రంలో హాలిబట్ తగ్గితే ఆ పరిమితీ తగ్గేలా నిర్ణయం తీసుకుంది, 2024 నుంచి అది అమల్లోకి వచ్చింది. అది చాలదని నా అభిప్రాయం. కానీ ఆ మాత్రమైనా జరిగింది మామూలు మనుషులు ఉత్తరాలు రాయడం వల్ల, మైకు ముందు నిలబడి మాట్లాడటం వల్ల. ఆ మండలి సమావేశాల్లో ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు, అతిథులు కూడా. డెక్కు మీద నాతో వాదించే అరగంటలో సగం పెట్టి అక్కడ ఒక ఉత్తరం రాయండి. ట్రాలర్ల తప్పు చూపించి మన తప్పును మాత్రం సమర్థించుకోవద్దు. నష్టపోయేది రెండు వైపులా చిన్న పడవల వాళ్లే.

తెలుగు సంఘాల పెద్దలకు విడిగా ఒక విన్నపం. మీ వేదికల మీద, మీ పత్రికల్లో ఈ ట్రిప్పుల ప్రకటనలు వస్తున్నాయి. పైన చెప్పిన మొదటి, ఆరో అంశాలు పాటించని ప్రకటన తీసుకోకండి. ఇది మీ చేతిలో ఉన్న పని, రూపాయి ఖర్చు లేదు.

సెప్టెంబరు వచ్చింది. స్పిట్ మీద గాలి మారింది, పడవలు ఒక్కొక్కటే గట్టెక్కుతున్నాయి. డిసెంబరులో మండలి కూర్చుంటుంది, జనవరిలో కమిషన్ వచ్చే ఏటి లెక్క తేలుస్తుంది, ఫిబ్రవరికల్లా మీ పోస్టర్లు బయటికి వస్తాయి. ఆ పోస్టర్ అచ్చుకు ఇచ్చే ముందు నాకు ఒకసారి పంపండి. ఆ ఏటి కొలతలు, సెలవు రోజులు సరిచూసి, తెలుగులో రాసి అదే రోజు తిరిగి పంపుతాను, డబ్బేమీ వద్దు. నా నంబరు, నిరుడు నేను మెసేజ్ పంపిన ఆ నలుగురి దగ్గరా ఉంది.

ఇట్లు,
హోమర్ రేవులోని ఒక తెలుగు డెక్‌హ్యాండ్